బొమ్మ కింద పేరు

వెబ్‌సైటుకి బొమ్మలు ఎంచే పని దివ్యశ్రీకి అప్పజెప్పాడేగాని, హర్షకి తన బొమ్మల మీద మమకారం చావలేదు. గుడివాడ ఏలూరు రోడ్డులో వాళ్ళ రైసుమిల్లు పక్కన మేడ మీదే ఆఫీసు. సోమవారం పదింటికి ఆమె వెళ్ళేసరికి గోడ తెర మీద నలభై దాకా బొమ్మలు పరిచి కూర్చున్నాడు. అన్నీ ఎక్కడెక్కడో కొన్నవే. సూర్యోదయం, పడవ, వల విసురుతున్న మనిషి నీడ, మళ్ళీ సూర్యోదయం. ఆ పడవలు మన రేవుల్లో తిరిగేవి కావు, ఆ వల విసిరే తీరూ మన వాళ్ళది కాదు. బందరులో పెరిగిన పిల్ల, తండ్రి పదేళ్ళు బోటు మీద సముద్రానికి వెళ్ళినవాడు, ఆ మాత్రం తెలియకపోతుందా?

హర్షకి ముప్ఫై రెండేళ్ళు. బెంగుళూరులో చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మిల్లూ ముదినేపల్లి చేపల చెరువులూ తమ్ముడికి వదిలి, ఎండుచేపల్ని అందంగా ప్యాకెట్లలో పెట్టి ఊళ్ళకి పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. దానికి 'ఉప్పుగాలి' అని పేరు పెట్టుకున్నాడు. గొంతు పెంచడు, ఎదుటివాళ్ళ మాట మధ్యలో తుంచడు, తనకన్నా చిన్నవాళ్ళని కూడా 'గారు' అంటాడు. దివ్యశ్రీకి అతనిలో నచ్చింది ఇదే. అంతకుముందు ఆమె చేత బట్టల కొట్లకీ కోచింగ్ సెంటర్లకీ సైట్లు చేయించుకున్నవాళ్ళు ఫోన్‌లో 'ఏమ్మా, అయిందా' అనేవాళ్ళు తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు.

ఆమె ఆ నలభై బొమ్మల్నీ పక్కన పెట్టించింది. సైటు మినిమల్‌గా ఉండాలని కోరింది మీరే కదండీ అని గుర్తుచేసింది. తెర నిండా తెలుపు, మధ్యలో ఒక్క బొమ్మ, దాని కింద ఒక్క వాక్యం. వచ్చినవాడి కన్ను తిరగడానికి ఇంకో చోటు ఉండదు, ఆ ఒక్క బొమ్మ మీదే కూర్చుంటుంది. బొమ్మలు ఇరవై ఉంటే అందులో ఒకటి ఉత్తుత్తిది ఉన్నా ఎవరికీ పట్టదు. ఒక్కటే ఉన్నప్పుడు అది నిజంది కావాలి. ఇదంతా చెప్పి ఆఖర్న, "ఇంత ఖాళీలో అబద్ధం దాక్కోలేదండీ," అంది. ఆ మాట తనకే బాగా నచ్చింది.

హర్షకీ నచ్చింది. అయితే ఏ బొమ్మ పెడదామన్నాడు. ఆమె ఇంటి దగ్గర్నించే అనుకుని వచ్చింది. ఎండుచేపలు చేసే మనిషి చేతులు. ముఖం వద్దు, సముద్రం వద్దు, ఉత్త చేతులు. దివిసీమలో తన మేనత్త దుర్గాదేవి ఉంది, ఆవిడవి తీస్తానంది. అతను వెంటనే సరేనన్నాడు. బొమ్మ కింద వాక్యం ఏమిటంటే, ఆవిడ పేరే, ఆవిడ పాలెం పేరే, ఇంకేమీ అక్కర్లేదని చెప్పింది దివ్యశ్రీ. అతను లేచి వెళ్ళి గోడకున్న తెల్లబోర్డు మీద 'బొమ్మ కింద పేరు' అని తనే రాసి, కింద గీత గీశాడు. బందరు వచ్చే బస్సులో ఆమెకి కిటికీ పక్క సీటు దొరకలేదు, పెడన దాకా నిలబడే వచ్చింది, అయినా ఆ రోజు ఒళ్ళు తేలిగ్గానే ఉంది.

బుధవారం పొద్దున్నే అవనిగడ్డ మీదుగా పోయే బస్సెక్కి, నాగాయలంకలో ఆటో మారి, దిబ్బలపాలెంలో దిగేసరికి ఎనిమిదైంది. దుర్గాదేవి పట్టుచీర కట్టుకుని ముఖాన పౌడరు మెత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పనులు మానుకుని చూడ్డానికి వచ్చారు. ఫొటోలో ముఖం పడదు, పని చీర కట్టుకో అత్తా అనేసరికి ఆవిడ బిక్కముఖం పెట్టింది. పక్కింటి కనకమహాలక్ష్మి పకపకా నవ్వి, ముఖం లేని ఫొటో ఏం ఫొటో వదినా, అది ఎండుచేప ఫొటోనా నీ ఫొటోనా అని ఆట పట్టించింది. దుర్గాదేవి లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది, పౌడరు మాత్రం తుడుచుకోలేదు.

ఆవిడ పని పాలెంలో అందరి పనిలాంటిది కాదు. మిగతావాళ్ళు వేలెడంత నెత్తళ్ళ చేపల్ని ఇసక మీద చల్లి ఎండబెడతారు. ఈవిడ కర్రలు పాతి, నడుమెత్తున పాత వల బిగించి, దాని మీద పరుస్తుంది. రేవు నుంచి వచ్చిన చేపని ముందు ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచి తీస్తుంది. గుప్పెడేసి వల మీద వేసి, వేళ్ళతో ఒక్కటొక్కటి విడదీస్తుంది. పొద్దెక్కాక ఒకసారి, వాలాక ఒకసారి తిరగేస్తుంది. తిరగేస్తూ చిన్న పీతలూ గవ్వ పెంకులూ తల తెగిన చేపలూ ఏరి పారేస్తుంది. సాయంత్రం మంచు పడకముందే అన్నీ ఎత్తి చాపల్లో చుడుతుంది. ఇన్ని చేస్తే చేపలో ఒక్క ఇసక రేణువు పంటికి తగలదు. ఎండిందీ లేనిదీ కంటితో చూడదు. గుప్పెడు తీసి రెండు అరచేతుల మధ్య చెవి దగ్గర ఆడించి, ఆ చప్పుడు విని చెప్తుంది.

దివ్యశ్రీ నేల మీద మోకాళ్ళూని, ఒక్కోసారి పడుకుని, రెండు గంటలు ఆ చేతుల వెంట తిరిగింది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ వలకి ఈ చివర తను, ఆ చివర అత్త నిలబడి తిరగేసేవాళ్ళు. ఇప్పుడూ మధ్యలో కెమెరా మెడకి వేలాడేసుకుని ఒక వరస తిరగేసింది. ఆ చేత్తో ఎండుచేప కంపు పట్టుకుని గుడివాడ ఆఫీసుకి ఎలా వెళ్తావే కోడలా అని అత్త నవ్వింది. మేనకోడల్ని ఆవిడ ఎప్పుడూ 'కోడలా' అనే పిలుస్తుంది, ఉన్న ఒక్క కొడుకు రాముకి పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ పిలుపు మానలేదు.

ఫొటోలు అయ్యాక దుర్గాదేవి తొట్టి అంచు మీద కూర్చుని, ఇంతసేపూ కడుపులో పెట్టుకున్నది అడిగింది.

"ఇందాక పేరేస్తానన్నావు. నిజంగా వేస్తారా?"

"వేస్తారత్తా. నీ పేరూ, పాలెం పేరూ."

"ఎందుకడుగుతున్నానంటే, ఈ చేప బండెక్కిందాకే నాది. ఎక్కాక ఇసక చేపలో కలిపేస్తారు. ఇంక అది ఎవరిదో. ముప్ఫై ఏళ్ళ నుంచీ చేస్తున్నానే, ఇది దుర్గ చేసిన చేపని తిన్నవాడెవడికీ తెలీదు. ముఖం పోతే పోయింది, ముడతలు పడ్డ ముఖం ఎవడిక్కావాలి. పేరుంటే చాలు. అడిగి కొనుక్కునేవాడు ఒక్కడొచ్చినా నాకు చాలు."

చేతిలో చెయ్యేసి చెప్పమంది. దివ్యశ్రీ ఉప్పుతో గరగరలాడుతున్న ఆ అరచేతిలో చెయ్యి వేసింది. కనకమహాలక్ష్మి సాక్ష్యం.

శుక్రవారం మధ్యాహ్నానికి బందరు కోనేరు సెంటరు దగ్గర మేడ మీది తన గదిలో దివ్యశ్రీ రెండువందల పద్దెనిమిది ఫొటోల్ని పన్నెండుకి తెచ్చింది. పన్నెండుని మూడుకి తేవడానికి సాయంత్రం దాకా పట్టింది. బాగున్నవాటిని తీసెయ్యడమే ఈ పనిలో కష్టం. తొట్టిలోంచి నీళ్ళు కారుతున్న చేయి చాలా బాగుంది, కాని నీటి మెరుపు కన్నుని లాగేస్తుంది, పోయింది. గాజులున్నది పోయింది. వెనక కనకమహాలక్ష్మి చీర ఎర్రగా పడ్డది పోయింది. మొదటి పేజీకి ఒక్కటి మిగిలింది. రెండు చేతులు గుప్పెడు నెత్తళ్ళని పైకెత్తాయి, వేళ్ళ సందుల్లోంచి నాలుగైదు జారి కిందికి పడుతున్నాయి, వెనక వల మసగ్గా బూడిదరంగులో ఉంది. కుడి ముంజేతి మీద ఎండ పడింది. ఆ ఎండలో పచ్చబొట్టు స్పష్టంగా కనిపిస్తోంది. పైన 'దుర్గ', కింద 'దిబ్బలపాలెం'. యాభై ఏళ్ళకి అక్షరాలు ఒరుసుకుపోయి లావెక్కాయి గాని చదవడానికి వస్తాయి.

హర్షకి పంపింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. అద్భుతంగా ఉందన్నాడు. చేతి మీద ఆ పచ్చ మరకలు తీసేస్తే ఇంకా క్లీన్‌గా ఉంటుందేమో చూడండి అన్నాడు.

అవి మరకలు కావండీ, పచ్చబొట్టు అని రాయబోయింది దివ్యశ్రీ. సగం రాసి ఆగింది. అతను చెప్పాడని కాదు, తన కన్నూ అదే చెప్తోంది. బొమ్మలో అక్షరం ఉంటే చూసేవాడు ముందు అక్షరమే చదువుతాడు, చేతులు తరవాత చూస్తాడు. కింద ఎలాగూ అదే పేరు అచ్చు అక్షరాల్లో వస్తుంది. ఒకే పేరు పేజీలో రెండుసార్లు ఎందుకు? ఉన్నవాటిలో ఒకటి తీసెయ్యాల్సి వస్తే, చేతి మీద అలుక్కుపోయినదే తీసెయ్యాలి. డిజైను నేర్చుకున్న ఎవరైనా అదే చేస్తారు.

ఆ పచ్చబొట్టు కథ ఆమెకి తెలియక కాదు. డెబ్భై ఏడు ఉప్పెనలో నాయనమ్మకి పెద్ద కొడుకు పోయాడు. శవాల్లో ఏది తన బిడ్డదో పోల్చుకోలేకపోయింది, అందరితోపాటు గోతిలో వేశారు. దివ్యశ్రీ తండ్రి అప్పటికింకా పుట్టలేదు. నీళ్ళు తీశాక మిగిలిన నాలుగేళ్ళ కూతురు దుర్గని మోపిదేవి తీసుకెళ్ళి, ఏడుస్తున్నా వదలకుండా పట్టుకుని, పేరూ ఊరూ పొడిపించింది. మళ్ళీ నీళ్ళొచ్చినా ఈ బిడ్డ పేరు లేకుండా పోకూడదని. దివ్యశ్రీ ఇది ఎన్నిసార్లు విన్నదంటే, వినీ వినీ చెవికి ఆనడం మానేసింది. ఫొటోలో తీస్తే చేతి మీద పోతుందా ఏమిటి అనుకుంది.

బొమ్మని పెద్దది చేసి, పక్కనున్న చర్మం ముక్కల్ని తీసి అక్షరాల మీద అతకడం మొదలుపెట్టింది. ఊరికే చెరిపేస్తే ప్లాస్టిక్ బొమ్మ చెయ్యిలా నున్నగా అయిపోతుంది. అందుకని నరం ఎక్కడ పైకి తేలిందో, ముడత ఎటు వాలిందో చూసుకుంటూ, 'దు' కొమ్ము దగ్గర్నించి 'లెం' సున్నా దాకా ఒక్కో గీతా కప్పుకుంటూ వచ్చింది. వెంట్రుకలు కూడా మళ్ళీ పెట్టింది. గంట పట్టింది. అయ్యాక దూరం జరిగి చూసుకుంటే ఎక్కడ ఏం తీసిందో తనకే తెలియలేదు. పనితనం చూసుకుని మురిసిపోయింది కూడా. కింద చిన్న అక్షరాల్లో 'దుర్గాదేవి, దిబ్బలపాలెం' అని పెట్టి పంపించి, ఆదివారం పదకొండింటికి సైటు తెరుస్తారు, చూడండి అని రాము ఫోన్‌కి లింకు పెట్టింది.

ఆదివారం గుడివాడలో మిల్లు ఆవరణలోనే షామియానా వేశారు. ఓ అరవై మంది వచ్చారు. ముందు వరస మధ్యలో హర్ష నాయనమ్మ లక్ష్మీకాంతం గారిని కూర్చోబెట్టి, మెడలో దండ వేశారు. పెద్దావిడ చేతే మీట నొక్కించారు. తెర తెల్లబడింది. ఆ తెలుపులోంచి మెల్లగా రెండు చేతులు తేలాయి. జనం నిజంగానే ఊపిరి బిగబట్టారు. ఆ తరవాత బొమ్మ కింద వాక్యం వచ్చింది.

'మా నాయనమ్మ లక్ష్మీకాంతం గారి చేతి పద్ధతి.'

చప్పట్లు కొట్టారు. ఎవరో లేచి వెళ్ళి పెద్దావిడ చేతులు కళ్ళకద్దుకున్నారు. దివ్యశ్రీ ఇంకో వాక్యం వస్తుందేమోనని తెర వంకే చూస్తూ నిలబడింది. రాలేదు. ఇంకేం వస్తుంది, పేజీకి ఒక్క వాక్యమే ఉండాలన్నది తనే.

టీలు ఇస్తుండగా లక్ష్మీకాంతం గారు ఆమెని దగ్గరికి పిలిచి, ఈ ఫొటోలు నువ్వే తీశావటగా అని అడిగింది. ఎవరివమ్మా ఆ చేతులు, ఎంత పనిమంతురాలి చేతులో అంది. తను జన్మలో ఎండుచేప ముట్టుకోలేదనీ, ఆ వాసన పడదనీ, మనవడు ముచ్చటపడితే కాదనలేక కూర్చున్నాననీ మెల్లగా చెప్పింది. దివ్యశ్రీ టీ గ్లాసు కింద పెట్టి హర్షని వెతుక్కుంటూ వెళ్ళింది.

మేడ మెట్ల దగ్గర హర్ష దొరికాడు. అతని భార్య బిందు పక్కనే ఉంది, స్వీట్ల పెట్టె దివ్యశ్రీ చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

"పేరు వేస్తానన్నారు కదండీ. మీ చేత్తో బోర్డు మీద రాశారు."

"రాశానండీ, కాదనను. నిన్న చూస్తే రెండు పేర్లు, రెండు కథలు అవుతున్నాయి. ఒక పేజీకి ఒకటే ఉండాలని మీరే చెప్పారుగా. ఇంట్లో అందరూ నాయనమ్మ పేరైతే బ్రాండుకి బాగుంటుందన్నారు."

"ఆ చేతులు ఆవిడవి కావు."

"అవి ఆవిడవని మేం రాయలేదు. పద్ధతి అన్నాం." అతను ఎప్పటిలాగే మర్యాదగా, గొంతు పెంచకుండా చెప్పాడు. "అయినా దివ్యశ్రీ గారూ, అవి ఫలానా వాళ్ళవని గుర్తు పట్టడానికి ఆ బొమ్మలో ఏముందండీ? మీరే శుభ్రం చేసి ఇచ్చారు."

తరవాత పెట్టబోయే పచ్చళ్ళ వ్యాపారం సైటు కూడా మీకే ఇస్తాననీ, వచ్చే వారం మాట్లాడదామనీ అన్నాడు. ఆమె స్వీట్ల పెట్టె మెట్టు మీద పెట్టి వచ్చేసింది.

బస్సులో ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత నమ్మించి ఇలా మోసం చేస్తాడా? 'గారు' అని పిలిచినందుకు, మాట వింటున్నట్టు తల ఊపినందుకు, తను ఎంత పొంగిపోయిందో తలుచుకుంటే ఒళ్ళు మండింది. రాము రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదు. రేపు వెళ్ళి అత్త ముందు కూర్చుని హర్ష చేసిందంతా చెప్పాలి, బోర్డు మీద గీత గీయడం దగ్గర్నించి ఒక్కటీ వదలకుండా చెప్పాలి. అత్త అతన్ని నోటికొచ్చినట్టు తిడుతుంది. ఇద్దరూ కలిసి తిట్టుకుంటే కొంత భారం దిగుతుంది. బందరు చేరేదాకా ఆ మాటలే పేర్చుకుంది.

సోమవారం ఆమె వెళ్ళేసరికి పాలెంలో పొద్దెక్కింది. దుర్గాదేవి వల దగ్గర నెత్తళ్ళు తిరగేస్తోంది. దివ్యశ్రీని చూసి తల ఊపింది, పని ఆపలేదు. గట్టు మీద కూర్చున్న కనకమహాలక్ష్మి లేచి, పలకరించకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

దివ్యశ్రీ పేర్చుకొచ్చిన మాటలన్నీ చెప్పింది. ఆ ఇంటివాళ్ళు ముసలావిడకి దండ వేసి కూర్చోబెట్టిన సంగతి, మెట్ల దగ్గర హర్ష అన్న మాటలు, అన్నీ చెప్పింది. దుర్గాదేవి వింటూ ఒక వరస పూర్తి చేసి, రెండో వరసకి జరిగింది. తిట్టలేదు.

"ఆ అబ్బాయెవరో నేనెప్పుడూ చూడలేదు," అంది చివరికి. "ఆయన మాట నాకెందుకూ."

రెండో వరస తిరగేస్తూ తనే చెప్పుకొచ్చింది. నిన్న పదకొండింటికి రాము ఫోన్ చుట్టూ పాలెంలో ఆడవాళ్ళంతా చేరారు. బొమ్మ వచ్చింది. కింద ఎవరిదో పేరుంది. అందరూ తన ముఖం వంకే చూశారు.

"కింద లేకపోతే పీడాపోయింది, చేతి మీదుందిగా, దాన్నెవడు తీస్తాడు అన్నాను. పెద్దది చెయ్యరా అన్నాను రాముని. చేశాడు. ఎంత పెద్దది చేసినా ఏమీ లేదు. అయ్యి నీ చేతులు కావేమో వదినా అంది కనకమహాలక్ష్మి." ఆవిడ కుడి ముంజేతి మీద అంటుకున్న పొలుసుల్ని ఎడమచేత్తో తుడుచుకుంది. "అదీ ఆయనే తీశాడా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. హర్ష ఎలాగూ వచ్చి కాదనడు. ఇన్ని చేసినవాడి మీద ఇంకొకటి వేస్తే బరువూ కాదు. ఆ మాట దివ్యశ్రీ నాలిక చివరిదాకా వచ్చింది. కాని వల మీద ఆనించిన ఆ చెయ్యి ఎదురుగా ఉంది. దాని నరాలూ ముడతలూ ఆమెకి ఇప్పుడు కంఠతా వచ్చు. ఎక్కడి చర్మం తీసి ఎక్కడ అతికిందో కూడా తెలుసు.

"నేనే తీశానత్తా."

దుర్గాదేవి చేతులు ఆగాయి. తన నాయనమ్మ బతికుంటే చెయ్యెత్తి కొట్టేది, ఈవిడ కొట్టినా బాగుండుననిపించింది దివ్యశ్రీకి. కింద నీ పేరు వస్తుంది కదా అని తీశాననీ, అసలు ఫొటో తన దగ్గర భద్రంగా ఉందనీ, ఈ రోజే దాన్ని పేరుతో సహా నలుగురికీ చూపిస్తాననీ గబగబా చెప్పింది.

"అసలుది నా దగ్గరా ఉందిలేమ్మా," అంది దుర్గాదేవి. కోపంగా కాదు.

ఆ తరవాత మళ్ళీ తిరగెయ్యడంలో పడింది. దివ్యశ్రీకి ఏం చెయ్యాలో తోచక, చున్నీ నడుముకి బిగించి, వలకి ఈ చివర నిలబడి తనూ చేపలు తిరగెయ్యబోయింది. నాలుగు చేపలు విడదీసిందో లేదో, దుర్గాదేవి ఆ చివర్నించి వచ్చి ఆమె చేతి కింద నుంచి ఆ వరసని తన వైపు లాక్కుంది.

"వద్దమ్మా. మీ బట్టలు పాడవుతాయి."

ఇంట్లోకి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే కుర్చీ. ఫిషరీస్ ఆఫీసరో, సర్వేవాళ్ళో వస్తే వేస్తారు. అయినవాళ్ళెవరొచ్చినా చాప మీదో తొట్టి అంచు మీదో కూర్చోవడమే. ఆవిడ దాన్ని నీడలో వేసి, కొంగుతో సీటూ చేతులూ తుడిచి, ఒకసారి అటూ ఇటూ కదిపి గట్టిగా నిలిచిందో లేదో చూసింది.

"కూర్చోండి. టీ పెట్టిస్తాను."

దివ్యశ్రీ ఆ కుర్చీలో కూర్చుంది.